విశాఖ తీరంలో సైడ్ స్కాన్ సోనార్: పడవకు కట్టడం, నడపడం, నీడలు చదవడం

"ఏటి సార్, టీవీ ఎట్టుకొచ్చేరా?" పెదజాలరిపేట ఒడ్డున నేను పెట్టె తెరిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. నవ్వి ఊరుకుంటాను గానీ, ఈ పరికరం కొత్తగా పట్టుకున్నవాళ్లు చేసే పొరపాట్లలో సగం ఈ అపోహలోంచే పుడతాయి. సైడ్ స్కాన్ సోనార్ టీవీ కాదు, కెమెరా అంతకన్నా కాదు. నీళ్లలో ఉన్న ట్రాన్స్‌డ్యూసర్ ఎడమకీ కుడికీ విసనకర్రలా శబ్దాన్ని విసురుతుంది. ఆ విసనకర్ర పడవ పోయే దిశలో చాలా సన్నం, ఒక డిగ్రీ లేదా ఇంకా తక్కువ. పక్కలకు మాత్రం బాగా వెడల్పు. అడుగుకు తగిలి తిరిగొచ్చిన శబ్దం తెర మీద ఒక్క గీత అవుతుంది. పడవ ఓ జానెడు ముందుకు జరుగుతుంది, ఇంకో గీత పడుతుంది. ఇలా వేల గీతలు పేర్చుకుంటూ పోతే బొమ్మ.

అంటే బొమ్మ గీసేది పెట్టె కాదు, పడవ. పడవ వంకర పోతే బొమ్మ వంకరవుతుంది, పడవ ఊగితే బొమ్మ ఊగుతుంది. పెట్టె ఎంత ఖరీదైనదైనా సరంగు చెయ్యి కుదురుగా లేకపోతే తెర మీద మిగిలేది బురదే. కింద రాసిందంతా ఇది మనసులో పెట్టుకుని చదవండి. ఫైబర్ బోటు, ముగ్గురు మనుషులు, పోయిన లంగరో ఇంజనో మునిగిన పడవో వెతికే పని, అదే నా లెక్క.

ఏం వెతుకుతున్నారో ముందు తేల్చుకోండి

వెతికే వస్తువు సైజు తెలిస్తే మిగతా అంకెలన్నీ వాటంతట అవే వస్తాయి. ఫ్రీక్వెన్సీ తక్కువైతే శబ్దం దూరం పోతుంది, బొమ్మ మొద్దుగా వస్తుంది. ఎక్కువైతే బొమ్మ సన్నగా, నిక్కచ్చిగా వస్తుంది గానీ దూరం పోదు. 100 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో వైపు కొన్ని వందల మీటర్లు చూడొచ్చు. 450 ప్రాంతంలో వంద మీటర్ల దాకా, 900 దగ్గర యాభై మీటర్లు వస్తే సంతోషం. మునిగిన పడవకి 450 చాలు. లంగరుకి, ఇంజనుకి 800 పైన పెట్టి, రేంజ్ (ఒక్కో వైపు చూసే దూరం) ముప్ఫై మీటర్లకు కుదించాల్సిందే.

పరికరాలు రెండు రకాలు. మొదటిది ఫిష్‌ఫైండర్ రకం. 2005లో హమ్మిన్‌బర్డ్ కంపెనీ చేపలు పట్టేవాళ్ల కోసం ఈ పక్కచూపు సోనార్‌ని చిన్న పెట్టెలో పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. దీని ట్రాన్స్‌డ్యూసర్‌ని పడవకే బిగిస్తాం. రెండోది పడవ వెనక కేబుల్‌తో లాగే టోఫిష్. 1960ల్లో మార్టిన్ క్లైన్ లాంటి అమెరికా ఇంజనీర్లు అందుబాటులోకి తెచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ లోతు నీళ్లలో దీనికి తిరుగులేదు. తీరం దగ్గర పది, పన్నెండు మీటర్ల నీళ్లలోనే మీ పని అయితే మొదటి రకంతోనే మొదలుపెట్టండి. లక్షలు పోసి టోఫిష్ కొని, దాన్ని రాతి బండకు కొట్టుకునే ముచ్చట తర్వాత చూసుకోవచ్చు.

ఇక్కడ ఇంకో సంగతి. పరికరం పడవ ఎక్కించకముందే రెండు రోజులు ఒడ్డున కూర్చోండి. ఎక్కడ వల తగులుకుంటోందో, ఎక్కడ చిరుగుతోందో వేటకెళ్లేవాళ్లకు తెలిసినంతగా ఏ చార్టుకీ తెలియదు. డాల్ఫిన్స్ నోస్ కొస, కైలాసగిరి, సింహాచలం కొండ, వీటిలో ఏది దేనికి సూటిగా వస్తే అక్కడ బండ ఉందో లెక్కగా చెబుతారు. లోతు మీటర్లలో చెప్పరు, బారల్లో చెబుతారు. పన్నెండు బారలంటే దాదాపు 22 మీటర్లు. అది రాసుకోండి. మీరు వెతకాల్సిన నాలుగు కిలోమీటర్లు అర కిలోమీటరుకు తగ్గేది ఇక్కడే.

అనుమతి సంగతి

విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం. సముద్రం అడుగును బొమ్మ తీసే పరికరం పడవలో పెట్టుకుని తిరుగుతుంటే అడగరా? అడుగుతారు, అడగాలి కూడా. 2024 ఫిబ్రవరి 3న ఇక్కడే నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ సంధాయక్ లాంటి సర్వే నౌకలు పెద్ద ఎత్తున చేసే పనిని మీరు చిన్నగా చేస్తున్నారు, అంతే తేడా. పోర్టు నీళ్లలో అయితే పోర్టువాళ్ల దగ్గర, బయటైతే నౌకాదళం, కోస్ట్ గార్డ్, మెరైన్ పోలీసుల దగ్గర రాతపూర్వకంగా తేల్చుకుని, ఆ కాగితం ప్లాస్టిక్ కవరులో వేసి పడవలోనే ఉంచండి. తేలకపోతే ఆ రోజు పడవ దించకండి. అన్నట్టు, ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "ఘాజీని చూడొచ్చా?" అని. 1971 డిసెంబరులో విశాఖ బయట మునిగిన ఆ పాకిస్తాన్ జలాంతర్గామి నౌకాదళం వ్యవహారం, అందులో ప్రాణాలు పోయిన నావికుల సమాధి కూడా. దాని జోలికి పోకండి.

గొట్టం బిగించడం

ట్రాన్స్‌డ్యూసర్‌ని పడవ వెనక, ఇంజను పక్కన బిగిస్తే పని సులువు, బొమ్మ దండగ. ప్రొపెల్లర్ బుడగలు శబ్దాన్ని మింగేస్తాయి, ఒక వైపంతా తెల్ల పొగలా కనిపిస్తుంది. అందుకే పడవ మధ్యలో, అంచుకు ఒక పలక బిగించి, దానికి రెండంగుళాల జీఐ పైపు నిలువుగా దించండి. ట్రాన్స్‌డ్యూసర్ పడవ అడుగు కంటే ఓ జానెడు కిందికి దిగాలి. లేదంటే రెండో వైపు శబ్దానికి పడవ పొట్టే అడ్డం.

పైపు దిగగానే సరిపోదు. కింది కొస నుంచి పడవ ముందు వైపుకి ఒక తాడు, వెనక్కి ఒక తాడు లాగి కట్టండి. ఈ రెండు తాళ్లు లేకుండా నాలుగు నాట్స్‌లో (గంటకి 7.4 కిలోమీటర్లు) వెళ్తే పైపు వీణ తీగలా వణుకుతుంది, ఆ వణుకంతా తెర మీద పాము నడకలా పడుతుంది. బిగించాక పైపుని చేత్తో కొట్టి చూడండి. "ఠంగ్" అని మోగుతుంటే ఇంకా వదులుగా ఉన్నట్టే. ట్రాన్స్‌డ్యూసర్‌కి విడిగా ఒక సన్నటి నైలాన్ తాడు కట్టి పడవకు ముడేయండి. పైపు వలకో మొద్దుకో తగిలి విరిగినా వస్తువు దక్కుతుంది. చిన్న తాడే కదా అని వదిలేస్తే పోయేది దానికి వెయ్యి రెట్లు.

కరెంటుకి విడిగా ఒక 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకోండి. ఇంజను స్టార్టు చేసే బ్యాటరీ నుంచి లాగితే ఆ గోలంతా బొమ్మలోకి గీతలై దిగుతుంది. చవక ఇన్వర్టరు పెట్టి ల్యాప్‌టాప్ నడిపినా అంతే. పడవలో ముందు నుంచే ఉన్న, లోతు కొలిచే ఎకో సౌండర్‌ని ఆపేయండి, రెండూ ఒకేసారి అరిస్తే తెర మీద చుక్కల వరుసలు పడతాయి.

ఎడమ ఏదో, కుడి ఏదో

ఇది నా ఒంటి మీద వాత. మొదటి సంవత్సరంలో ఓ రోజు తొందరలో ట్రాన్స్‌డ్యూసర్‌ని పైపుకి వెనక్కి తిప్పి బిగించాను. ముక్కు వెనక్కి, తోక ముందుకి. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. కుడి వైపు ముప్ఫై మీటర్లలో వస్తువు, పక్కన చక్కటి నీడ. గుర్తుగా తేలే బోయ వేశాం, డైవర్ దిగాడు. రెండు సిలిండర్ల గాలి అయిపోయింది, ఉత్త ఇసక. పడవలో ఉన్న పెద్దాయన బీడీ వెలిగించి, "బావూ, ఓపాలి అటేపు కూడా సూడకూడదేటి?" అన్నాడు. అటే ఉంది.

కాబట్టి ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి. టోఫిష్ అయితే పడవ మీదే ఆన్ చేసి, ఎడమ ట్రాన్స్‌డ్యూసర్ మీద అరచేత్తో గట్టిగా రుద్దండి. తెర ఎడమ సగం మెరవాలి. కుడి రుద్దితే కుడి. నిమిషానికి మించి గాలిలో నడపొద్దు. గొట్టానికి కట్టే రకం అయితే జెట్టీ గోడను ఎడమ పక్కన పెట్టుకుని నెమ్మదిగా పోండి. గోడ తెర మీదా ఎడమ వైపే రావాలి. రెండు నిమిషాల పని.

టోఫిష్ లాగేటప్పుడు

గొట్టం పనికిరాని చోటు ఒకటుంది, అది లోతు. సోనార్ అడుగుకి ఎంత ఎత్తున ఎగరాలి అనేదానికి పాత లెక్క: మీరు పెట్టుకున్న రేంజ్‌లో పదోవంతు నుంచి ఐదోవంతు. యాభై మీటర్ల రేంజ్‌కి ఐదు నుంచి పది మీటర్ల ఎత్తు. ఇరవై అయిదు మీటర్ల నీళ్లలో పడవకి కట్టిన ట్రాన్స్‌డ్యూసర్ అడుగుకి ఇరవై నాలుగు మీటర్ల పైన ఉంటుంది. మిట్టమధ్యాహ్నం నెత్తిన సూర్యుడు ఉంటే మన నీడ ఎంత పొట్టిగా ఉంటుందో అక్కడ వస్తువుల నీడలూ అంతే. నీడ లేకపోతే ఏమీ కనిపించదు, ఆ సంగతి కిందికి వస్తే తెలుస్తుంది. అందుకే లోతులో సోనార్‌నే కిందికి దించాలి, సాయంత్రపు సూర్యుడిలా.

కేబుల్ మీద ప్రతి అయిదు మీటర్లకీ రంగు టేపు చుట్టండి. లాగే బరువు ఎప్పుడూ కేబుల్ కొసన ఉన్న కనెక్టర్ మీద పడకూడదు. కేబుల్‌ని పట్టుకునే వైరు జాలీ తొడిగి, దాన్ని పడవకు బిగించి, అక్కడి నుంచి పెట్టె దాకా కేబుల్ వదులుగా ఉండాలి. నెమ్మదిగా పోతే ఫిష్ దిగుతుంది, వేగం పెంచితే లేస్తుంది. ఇంజను ఆగితే రాయిలా అడుగుకి పోతుంది. ఈ మూడు ముక్కలూ సరంగుకి ఒడ్డునే చెప్పండి, ముఖ్యంగా మూడోది. ఫిష్ నీళ్లలో ఉండగా వెనక గేరు వేయకూడదు. వేస్తే కేబుల్ ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది, ఆ రోజు సర్వే అక్కడితో సరి. తిరగాల్సి వస్తే పెద్ద చుట్టు తిరగండి, తిరిగే ముందు పదేసి మీటర్లు కేబుల్ పైకి లాగండి.

ఇప్పుడు అసలు చిక్కు. జీపీఎస్ పడవ మీద ఉంది, ఫిష్ వెనక ఎక్కడో ఉంది. తెర మీద కనిపించే వస్తువు స్థానం పడవది, ఫిష్‌ది కాదు. ఈ తేడాని లెక్కలోకి తీసుకోవాలి. కేబుల్ నలభై మీటర్లు వదిలారు, ఫిష్ పదిహేను మీటర్ల లోతులో ఉంది అనుకుందాం. లంబకోణ త్రిభుజం వేయండి: 1600లోంచి 225 తీసేస్తే 1375, దాని వర్గమూలం దాదాపు 37. జీపీఎస్ యాంటెనా పడవ వెనక అంచుకి అయిదు మీటర్ల ముందుంటే మొత్తం 42 మీటర్లు. కేబుల్ నీళ్లలో వంగి ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకాస్త తక్కువే.

ఈ లెక్క సరిగా ఉందో లేదో తెలుసుకోడానికి ఓ చిట్కా. ఒకే వస్తువు మీదుగా ఒకసారి భీమిలి వైపు, ఒకసారి గంగవరం వైపు పోండి. దిద్దుబాటు సరైతే రెండు బొమ్మల్లోనూ వస్తువు ఒకే చోట పడుతుంది. అసలు దిద్దుబాటే చేయకపోతే ఒకే లంగరు 84 మీటర్ల దూరంలో రెండు లంగర్లలా కనిపిస్తుంది. ఆ దూరంలో సగమే మీ తప్పు. ఎన్ని మీటర్లొస్తే అందులో సగం సాఫ్ట్‌వేర్‌లో కలపండి.

ఎప్పుడు బయలుదేరాలి

తెల్లవారుజామున. మన దగ్గర పొద్దున్నే నేల వైపు నుంచి గాలి వస్తూ తీరం దగ్గర నీళ్లు నునుపుగా ఉంటాయి. పదకొండు దాటాక సముద్రపు గాలి అందుకుంటుంది, అలలు లేస్తాయి, బొమ్మలో అంచులు రంపపు పళ్లలా వస్తాయి. అయిదింటికి పడవ దించి, పదకొండుకల్లా ఒడ్డున టీ తాగుతూ ఉండాలి.

జనవరి నుంచి మార్చి దాకా మంచి కాలం. జూన్ నుంచి సెప్టెంబరు నైరుతి, పెద్ద అలలు. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్‌ని విశాఖవాళ్లకు కొత్తగా గుర్తుచేయక్కర్లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కాబట్టి మర పడవల వలలు ఉండవు, తీరిగ్గా తిరగొచ్చు. బయలుదేరే ముందు రోజు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే అలల సూచన చూడండి. ఒక మీటరు దాటిన అలలకి నేను వెళ్లను. వెళ్లినా ఫోటోలు దిగి రావడమే.

అక్టోబరు, నవంబరుల్లో ఇంకో తమాషా ఉంది. వానాకాలంలో మహానది, గంగ, గోదావరి తెచ్చిపోసిన మంచినీళ్లు బంగాళాఖాతం మీద పొరలా తేలుతూ ఉంటాయి. ఆ నెలల్లో తీరం వెంబడి వాలు, అంటే నీటి ప్రవాహం కూడా ఉత్తరం నుంచి దక్షిణానికే. పై పొరకీ కింద ఉప్పునీటికీ మధ్య శబ్దం వంగుతుంది. తెర చివర్లలో ఎండలో రోడ్డు మీద కనిపించే ఎండమావిలా అలలు అలలుగా వస్తుంది. పరికరం చెడిపోయిందనుకుని విప్పకండి. సోనార్‌ని ఆ పొర కిందికి దించండి, లేదా రేంజ్ తగ్గించండి.

గీతలు గీయడం

విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి పోతుంది, లోతు రేఖలూ దానితో పాటే. మీ గీతలూ, అంటే పడవ పోవాల్సిన దారులూ, అలాగే తీరానికి సమాంతరంగా పెట్టుకోండి. తీరం నుంచి లోపలికి పోయే గీత వేస్తే లోతు నిమిషనిమిషానికీ మారుతుంది, సెట్టింగులు తిప్పడంతోనే సరిపోతుంది.

ఒక వైపు యాభై మీటర్ల రేంజ్ పెడితే గీతకీ గీతకీ మధ్య నలభై మీటర్లు ఉంచుతాను. అతి జాగ్రత్త అంటారు కొందరు. కానీ సోనార్‌కి సరిగ్గా తన కాళ్ల కింద సరిగా కనిపించదు. ఒక గీతలో మీ కింద దాగిన వస్తువు పక్క గీతలో పక్కకొస్తుంది, అప్పుడే దొరుకుతుంది. కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు చోటుకి పదమూడు గీతలు. నాలుగు నాట్స్ అంటే గంటకి 7.4 కిలోమీటర్లు, గీతలకే గంటా ముప్పావు. మలుపులు, వలలు తప్పించుకోవడం, ఎవరో ఒకరికి వాంతి, అన్నీ కలిపి మూడు గంటలు వేసుకోండి.

వేగం మూడు, నాలుగు నాట్స్ దాటనివ్వొద్దు. ఎందుకో లెక్క చూడండి. యాభై మీటర్ల రేంజ్‌లో శబ్దం పోయి రావడానికి వంద మీటర్లు. మన వెచ్చని ఉప్పునీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1540 మీటర్లు పోతుంది, అంటే తెర మీద సెకనుకి పదిహేను గీతలు. నాలుగు నాట్స్‌లో ఒక్కో గీతకి పడవ 13 సెంటీమీటర్లు జరుగుతుంది. అరవై సెంటీమీటర్ల టైరు మీద నాలుగైదు గీతలు పడతాయి, కనిపెట్టొచ్చు. ఎనిమిది నాట్స్‌లో రెండే పడతాయి. తెర మీద అది దుమ్ము.

థర్మోకోల్ ముక్కలు, జెండా కర్రలు కనిపిస్తే కింద వల ఉన్నట్టు. చుట్టు తిరిగి పోండి. వల తెగితే డబ్బు కట్టండి, వాదించకండి. రేపు మీకు బండలెక్కడున్నాయో చెప్పాల్సింది వాళ్లే. బయటి రేవు దారిలో, లంగరేసిన ఓడల దగ్గర కేబుల్ వెనకేసుకుని తిరగొద్దు. లైఫ్ జాకెట్లు అందరికీ, వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్ మీద, కోస్ట్ గార్డ్ అత్యవసర నంబరు 1554 సరంగు ఫోనులో.

తెర మీద ఏం తిప్పాలి

తక్కువ. గెయిన్ (తిరిగొచ్చిన శబ్దాన్ని ఎంత పెంచి చూపాలో చెప్పే సెట్టింగు) ఒకసారి ఇసక నేల మీద సరిచేసి వదిలేయండి. మంచి ఇసక మధ్యస్థంగా, ముదురు గోధుమ రంగులో కనిపించాలి, మెరవకూడదు. ఇసకే మెరిస్తే ఇనుము ఏం చేస్తుంది? గీత మధ్యలో గెయిన్ తిప్పితే తర్వాత ఇంట్లో కూర్చుని చూసినప్పుడు నేల మారిందో మీ చెయ్యి మారిందో తెలియదు. శబ్దవేగం 1500 అని పెట్టి ఉంటే 1540 చేయండి. అన్నిటికన్నా ముఖ్యం, రికార్డు బొత్తాం నొక్కారా? నవ్వకండి. గీత మొదట్లో "రికార్డు" అని నేను అరుస్తాను, సరంగు "రికార్డు" అని తిరిగి అరుస్తాడు. అప్పుడే గీత మొదలు.

నీడలు చదవడం

తెర మధ్యలో నిలువుగా నల్లటి పట్టీ ఉంటుంది. అది నీళ్లు. సోనార్ నుంచి అడుగు దాకా ఏమీ తగలని దూరం. ఆ పట్టీ సగం వెడల్పే అడుగుకి మీ ఎత్తు. పట్టీ సన్నబడుతుంటే అడుగు దగ్గరవుతున్నట్టు. టోఫిష్ లాగుతుంటే కళ్లు దీని మీదే ఉంచండి.

పట్టీ దాటాక నేల. గట్టిగా, మీ వైపు తిరిగి ఉన్నది మెరుస్తుంది. మెత్తటి బురద నల్లగా ఉంటుంది. ఇసక మీద అలల గీతలు దువ్వెనతో దువ్వినట్టు వస్తాయి. యారాడ, రుషికొండ వైపు రాతి బండలు ముక్కలు ముక్కలుగా, ఒక్కోదానికీ ఓ నీడ. రెండు సమాంతర గీతలు కిలోమీటర్ల తరబడి పోతుంటే అది ట్రాల్ బోటు వల నోరు తెరిచి ఉంచే బల్లలు నేలను గీరిన జాడ. చేపల గుంపు మేఘంలా కనిపిస్తుంది, దాని నీడ దానికి అంటుకోకుండా దూరంగా పడుతుంది, ఎందుకంటే గుంపు నేలను తాకడం లేదు. "సేపలు కనబడతాయేటి" అని అడిగినవాళ్లకి ఇది చూపిస్తే ఆ రోజంతా మీ పక్కనే కూర్చుంటారు.

వస్తువుని పట్టించేది మెరుపు కాదు, నీడ. కుళ్లిన చెక్క పడవ మెరవదు. కానీ దాని వెనక శబ్దం చేరని చోటు మాత్రం నల్లగా, దాని ఆకారంలోనే మిగులుతుంది. నీడలు ఎప్పుడూ మధ్య పట్టీ నుంచి బయటి వైపుకే పడతాయి. లోపలికి పడినట్టుంటే అది నీడ కాదు, గుంట.

ఓసారి గాలివానలో మునిగిన ఫైబర్ బోటు కోసం రెండు పొద్దులు తిరిగాం. రెండో రోజు ఏడో గీత మీద, కుడి వైపున, ఒక మొద్దులాంటి మెరుపు. రాయిలాగే ఉంది. దాటేసేవాణ్ణే. కానీ దాని వెనక నీడ ఒక వైపు కొస తీరి, రెండో వైపు బల్లపరుపుగా కోసినట్టు ఆగింది. రాళ్లకి తిన్నటి అంచులుండవు. లెక్క వేశాను. సోనార్ అడుగుకి 6 మీటర్ల ఎత్తున ఉంది, నీడ చివర సోనార్ నుంచి 40 మీటర్ల దూరంలో ఉంది, నీడ పొడవు 8 మీటర్లు. నీడ పొడవుని ఎత్తుతో గుణించి, నీడ చివరి దూరంతో భాగించాలి: ఎనిమిదార్లు నలభై ఎనిమిది, భాగించు నలభై, 1.2 మీటర్లు. అది వస్తువు ఎత్తు. ఇక పొడవు, పడవ పోయిన దిశలో తెర మీది గీతలు లెక్కపెడితే డెబ్బై దాకా వచ్చాయి. ఒక్కోటి 13 సెంటీమీటర్లు, తొమ్మిది మీటర్లు. పడవ యజమానిని అడిగాను, "మీ బోటు ఎంత?" "తొమ్మిది మీటర్లండి, నడుమెత్తు ఉంటాది" అన్నాడు.

అయినా అప్పుడే బోయ వేయలేదు. ఒక్క చూపుతో తేల్చకండి. ముందు గీతకి అడ్డంగా, లంబంగా ఇంకోసారి పోవాలి, ఫ్రీక్వెన్సీ పెంచి, రేంజ్ ముప్ఫైకి తగ్గించి. అడ్డంగా చూసినప్పుడు నీడ మారింది, పొడవాటి పడవ పక్క వాటంగా కనిపించింది, మధ్యలో ఇంజను పెట్టె దగ్గర ఓ గూను కూడా. అప్పుడు వేశాం బోయ.

దొరికాక, ఒడ్డుకొచ్చాక

వేపాయింట్ (స్థానం గుర్తు) నొక్కేటప్పుడు తెర మీద వస్తువుని నేరుగా తాకి నొక్కండి. పడవ ఉన్న చోటు నొక్కితే ముప్ఫై మీటర్ల తేడా వస్తుంది. బోయ బరువుని వస్తువు మీద కాకుండా అయిదారు మీటర్ల పక్కన దించండి. నీళ్లు కలకబారి చేతికి చెయ్యి కనిపించని రోజుల్లో డైవర్ ఆ బరువు దగ్గర నుంచి తాడు పట్టుకుని గుండ్రంగా వెతుక్కుంటాడు. డైవర్లు ఇద్దరు దిగాలి, ఒక్కడు కాదు. వాళ్లు కింద ఉండగా ఇంజను ఆపేయాలి.

తిరిగొచ్చాక ట్రాన్స్‌డ్యూసర్, కేబుల్, పైపు మంచినీళ్లతో కడగండి. కనెక్టర్లను విప్పడానికి ముందే కడిగి తుడవండి, విప్పాక కడిగితే ఉప్పునీరు లోపలికి మీరే పంపినట్టు. పిన్నులకి సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. కేబుల్‌ని మోచేతికి చుట్టకండి, నేల మీద ఎనిమిది అంకె ఆకారంలో పరిస్తే మెలి పడదు.

మెమరీ కార్డులో ఫైళ్లు ఆ రాత్రే రెండు చోట్ల కాపీ చేసి, పేరులో తేదీ, చోటు, గీత నంబరు వేయండి. నోటుపుస్తకంలో ఆ రోజు కేబుల్ ఎంత వదిలారో, గాలి ఎటుందో, ఏ గీత దగ్గర వల తప్పించుకున్నారో రాయండి. మర్నాడు నిద్ర తీరాక గీతలన్నీ మళ్లీ మొదటి నుంచి చూడండి. పడవలో ఊగుతూ చూసినప్పుడు తప్పిపోయిన నీడ, ఇంట్లో ఫ్యాను కింద కూర్చుంటే రెండో గీతలోనే కనిపిస్తుంది.